మాకు తిండి పెట్టేవాడు

భాషలు నేర్పే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. క్లాసులో ఎవరూ నోరు విప్పడం లేదు మేడమ్, ఎలా మాట్లాడించాలి అని అడుగుతారు. నాకు తెలిసిన చిట్కాలు చెప్తాను. నోరు విప్పించడంలో నాకు మంచి పేరే ఉండేది. రాయిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టినా నెల తిరిగేసరికి కుశలప్రశ్నలు వేస్తుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. కానీ ఎదుటి మనిషి మాట్లాడకుండా ఆగినప్పుడు నేను కూడా నోరు మూసుకుని ఆగడమనే విద్య నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. అది రాకపోవడం వల్ల ఏం జరిగిందో ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఇక్కడ రాస్తున్నాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ రోజు గుర్తొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

నేను బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఒక హోటల్లో స్పానిష్ నేర్పేదాన్ని. పాలకొల్లు పక్క పల్లెటూరి మనిషికి స్పానిష్ ఏమిటని మీకు అనుమానం రావచ్చు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఫ్రెంచ్‌లో సీటు దొరక్క ఇందులో పడ్డాను, అంతే. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట బహ్రెయిన్ వెళ్ళి, చాలాకాలం పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకున్నాను. మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను అరబ్బీ పంతులమ్మననే అనుకుంటారు. ఆ హోటల్ని నడిపే కాంట్రాక్టు స్పెయిన్ వాళ్ళ చేతికి వచ్చాక నా పాత చదువుకి ప్రాణం లేచొచ్చింది. స్పానిష్ వచ్చినవాళ్ళని లోపలి పనుల్లోంచి తీసి రిసెప్షన్‌లో పెడతామని కొత్త యాజమాన్యం ప్రకటించింది. దాంతో లాండ్రీలో, రూముల్లో, కార్ పార్కింగులో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని నా క్లాసుకి వచ్చేవాళ్ళు.

స్పానిష్‌లో గడిచిపోయిన సంగతి చెప్పడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకసారి జరిగి అయిపోయినదానికి ఒకటి. అలవాటుగా జరుగుతూ వచ్చినదానికీ, ఆ వేళకి ఇంకా నడుస్తూ ఉన్నదానికీ ఇంకొకటి. ఇంగ్లీషు పుస్తకాలు ఈ రెండోదాన్ని వివరించలేక పేజీలకి పేజీలు ఆయాసపడతాయి. తెలుగువాళ్ళకి ఆ బాధ లేదు. "తిన్నాడు" వేరు, "తినేవాడు" వేరు అని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. వెళ్ళేవాళ్ళం, ఆడుకునేవాళ్ళం, అమ్మ పిలుస్తూ ఉండేది అని మనం అనుకునే మాటలన్నీ అక్కడ చక్కగా ఆ కాలంలో ఒదుగుతాయి. నా క్లాసులో మిగతా దేశాల వాళ్ళు ఆ పాఠం దగ్గర తల పట్టుకుని కూర్చుంటే, జగిత్యాల నుంచి వచ్చిన ఒకతను మాత్రం, "గింతేనా మేడమ్" అని నవ్వేవాడు.

అతను లాండ్రీలో పనిచేసేవాడు. అంతకు ముందు మా హోటల్ పక్కన లేస్తున్న టవర్‌లో ఇనుప చువ్వలు మోసేవాడు. బహ్రెయిన్‌లో ఉంటూ కూడా "నేను దుబాయికి అచ్చిన కొత్తల" అనేవాడు. నేను కనిపిస్తే చాలు, "మేడమ్, బువ్వ తిన్నరా" అని అడిగేవాడు. నేను తమ్ముడూ అనేదాన్ని. చేతులకి ఎప్పుడూ సబ్బు వాసన, నోట్లో ఎప్పుడూ కొత్త స్పానిష్ మాట. అతన్ని రిసెప్షన్‌లో కోటు వేసుకుని నిలబడగా చూడాలని అతని కన్నా నాకే ఎక్కువ ఆశగా ఉండేది.

ఆ పాఠానికి పుస్తకంలో ఒక పేరా ఉండేది. చిన్నప్పుడు వేసవిలో మేం తాతగారింటికి వెళ్ళేవాళ్ళం, రోజూ సముద్రంలో ఈత కొట్టేవాళ్ళం, సాయంత్రం ఐస్‌క్రీమ్ తినేవాళ్ళం. నా విద్యార్థులందరూ దాన్ని బట్టీపట్టి ఒకేలా అప్పగించేవాళ్ళు. నేపాల్ కొండల్లో పుట్టినవాడూ సముద్రంలో ఈత కొట్టాడు, తాత మొహమే ఎరగనివాడూ తాతతో ఐస్‌క్రీమ్ తిన్నాడు. వినీ వినీ విసుగొచ్చి ఒకరోజు ఆ జగిత్యాల తమ్ముణ్ణి ఆపాను.

"నీకు సముద్రం ఎక్కడిది తమ్ముడూ" అన్నాను.

"మా ఊర్ల చెరువుకే నీళ్ళు లేకుండె మేడమ్. సముద్రం ఏడికెళ్ళి అస్తది," అన్నాడు. "మా తాత దొర దగ్గర జీతమున్నడు. ఐస్‌క్రీమ్ ఎట్లుంటదో ఆయనకు తెల్వది. గని పుస్తకంల గట్లున్నది గద."

"పుస్తకం వదిలెయ్యి. నీ సంగతి చెప్పు."

"నా సంగతి ఏముంటది మేడమ్. పుస్తకంలదే మంచిగున్నది."

నేను వినలేదు. అబద్ధం చెప్పేవాడికి భాష పట్టుబడదు, ఎవరి సంగతి వాళ్ళు చెప్పి తీరాల్సిందే అని క్లాసంతటికీ హుకుం జారీ చేశాను. బహ్రెయిన్ వచ్చిన కొత్తల్లో ఏం చేసేవాళ్ళో, ఎక్కడ పడుకునేవాళ్ళో, ఏం తినేవాళ్ళో చెప్పమన్నాను. అప్పట్లో అది చాలా గొప్ప బోధన అనుకున్నాను. మా ఆయనకి ఫోన్ చేసి మరీ డప్పు కొట్టుకున్నాను.

అతను చెప్పిన సంగతి ఇది. టవర్‌లో పనిచేసే రోజుల్లో వాళ్ళు తెల్లారకముందే క్యాంపులో వండిన అన్నం డబ్బాల్లో తెచ్చుకునేవాళ్ళు. ఎండకి మధ్యాహ్నానికల్లా అది పాచిపోయేది. పారెయ్యలేక తినేవాళ్ళు, తిని కడుపు పట్టుకునేవాళ్ళు. ఒకరోజు పక్క హోటల్ వెనక తలుపు తెరుచుకుంది. ఒక వంటాయన లోపల్నుంచి అన్నం, కోడికూర తెచ్చి పెట్టాడు. తర్వాత రోజూ పెట్టేవాడు. వీళ్ళు ఆ సందులో గోడ నీడన కూర్చుని తినేవాళ్ళు. తిన్నాక ఆయన, "రేపు కూడా రండి" అనేవాడు. కొన్నాళ్ళకి లాండ్రీలో ఖాళీ ఉందని చెప్పి ఇతన్ని లోపలికి చేర్పించింది కూడా ఆయనే.

ఇదంతా వచ్చీరాని స్పానిష్‌లో చెప్తూ, "పెట్టేవాడు" దగ్గర తప్పు మాట వాడాడు. నేను ఆపి, "ఒక్కరోజు పెట్టాడా, రోజూ పెట్టేవాడా" అని అడిగాను.

"రోజు పెడ్తుండె మేడమ్."

"అయితే 'నోస్ దాబా దే కొమేర్' అనాలి. మాకు తిండి పెట్టేవాడు."

"దాబా అంటే తిండి దొరికేదే గద, యాదికుంటది," అని నవ్వి, ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు చెప్పుకున్నాడు.

ఆ వంటాయన ఎవరో నాకు బాగా తెలుసు. ఆయనది రాజోలు దగ్గర ఊరు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో విశ్వాసి. ప్రతి శుక్రవారం ఆరాధనలో కలిసేవాళ్ళం. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఆయన భార్య హమద్ టౌన్‌లో ఒక బహ్రెయినీ కుటుంబంలో పిల్లల్ని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండేది. ఆయనేమో హోటల్ వాళ్ళ క్యాంపులో. ఇద్దరికీ కలిసి సెలవు దొరికేది శుక్రవారమే. ఆరాధన అయ్యాక మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, ఆయన తెచ్చిన డబ్బా విప్పుకుని తినేవాళ్ళు. మీది శుక్రవారం కాపురం వదినా అని నేను ఆటపట్టిస్తే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆయనకి వీసా ఇచ్చి పూచీ పడ్డ కఫీల్ ఆ హోటలే. ఆ ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ శుక్రవారాలు కూడా.

హోటల్లో బఫేకి పెట్టిన వంట మిగిలితే పారెయ్యాలి తప్ప బయటికి పంపకూడదు. అది అన్ని హోటళ్ళలోనూ ఉండే నియమమే, బయట ఎవరికైనా వాంతులైతే హోటల్ మెడకి చుట్టుకుంటుంది. అన్నయ్య ఆ నియమాన్ని ఏళ్ళ తరబడి తప్పుతూ వచ్చాడు. తప్పింది ఆయన ఒక్కడే కాదు. ఆయన ఆ తలుపు తెరిచే వేళకి వంటగది పెద్ద, అంటే హెడ్ షెఫ్, సిగరెట్టుకి వెళ్ళేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సరిగ్గా అప్పుడే అటు తిరిగి ఫోన్ చూసుకునేవాడు. గిన్నెలు కడిగేవాళ్ళు నీళ్ళ పంపు గట్టిగా తిప్పేవాళ్ళు. అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టు ఉండేవాళ్ళు. ఆ అన్నం బయటికి వెళ్ళడానికి కావలసినదల్లా అదే. నేనూ ఆ తెలియనట్టు ఉండేవాళ్ళలో ఒకదాన్నే.

మరి ఆ కథ విన్నప్పుడు నా బుర్రలో ప్రమాదఘంట మోగలేదా అంటే, మోగలేదు. నేను క్రియాపదాల చివరలు వింటున్నాను. ఎక్కడా తప్పు పోలేదని మురిసిపోతున్నాను.

కోర్సు ముగింపుకి ఒక సభ పెట్టారు. స్పెయిన్ నుంచి కంపెనీ తాలూకు ఒక పెద్దావిడ వస్తోందని, ఆవిడ ముందు విద్యార్థులు మాట్లాడాలని, బాగా మాట్లాడినవాళ్ళకి రిసెప్షన్ ఖాయమని జనరల్ మేనేజర్ చెప్పాడు. మేనేజర్‌దీ స్పెయినే. సభకి ముందు రోజు తమ్ముడు నా దగ్గరికి వచ్చి చాలాసేపు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మేడమ్, నేను సముద్రం ముచ్చటనే చెప్తా."

"అదేంటి, ఇంత బాగా తయారయ్యాక?"

"పెద్దసార్లు ఉంటరు. అన్న ముచ్చట అండ్ల ఎందుకు మేడమ్?"

"పేరు చెప్పడం లేదు కదా తమ్ముడూ. ఎక్కడో, ఎప్పుడో అన్నట్టే ఉంటుంది. వాళ్ళకి ఇలాంటి నిజమైన సంగతులే నచ్చుతాయి. నన్ను నమ్ము."

ఆ "నన్ను నమ్ము" అన్న మాట తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. అతను తల గోక్కున్నాడు. "మీరు గంత చెప్పినంక ఇగ నేనేమంట" అని వెళ్ళిపోయాడు. మేడమ్ మాట కాదనడం మన పిల్లలకి చేతకాదు. నేను దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

మర్నాడు పెద్ద హాల్లో సభ. జరుగుతూ ఉన్నదాన్ని చెప్పేది కూడా ఆ కాలమే అన్నాను కదా, ఆ హాలు నాకు ఎప్పుడూ అలాగే గుర్తొస్తుంది. ఏసీ హోరుమంటోంది. వెనక బల్ల మీద కాఫీ కప్పులు సర్దుతున్నారు. పెద్దావిడ ముందు వరసలో చేతిలో విసనకర్ర ఊరికే తిప్పుకుంటోంది. మేనేజర్ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. తలుపు దగ్గర వంటగది పెద్ద చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నా విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి, నేను అంత చెప్పినా భయానికి పుస్తకమే పట్టుకుని, సముద్రంలో ఈత కొట్టేవాళ్ళం, ఐస్‌క్రీమ్ తినేవాళ్ళం అని అప్పగించి దిగుతున్నారు. పెద్దావిడ ఆవలింత ఆపుకుంటోంది.

అప్పుడు తమ్ముడు ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అన్నం పాచిపోయేది, గోడ నీడన కూర్చునేవాళ్ళం, ఒకాయన మాకు తిండి పెట్టేవాడు. ఒక్క తప్పు పోలేదు. "రేపు కూడా రండి అనేవాడు" దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. నా గుండె ఉప్పొంగిపోయింది. హాలంతా చప్పట్లు.

పెద్దావిడ లేచి నిలబడి, నిదానంగా, అతనికి అర్థమయ్యేలా అడిగింది. ఇదంతా ఎక్కడ జరిగేది?

అతను నా వైపు చూశాడు. ప్రశ్న అడిగితే పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలని నేర్పింది నేనే. "ఈ హోటల్ వెనక" అని మెల్లిగా అన్నాడు.

మరి ఆయన ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తున్నాడా?

అతను ఆగాడు. పెదవులు బిగించుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. హాలంతా వేచి చూస్తోంది. ఏళ్ళ తరబడి క్లాసుల్లో నిలబడిన నా బుర్రకి తోచింది ఒక్కటే. మాటలు మర్చిపోయాడు పాపం. ఇంత బాగా చెప్పినవాడు ఆఖర్న తడబడితే మార్కు పోతుంది. విద్యార్థి ఆగితే మాట అందించడం టీచరుకి ఊపిరి లాంటి అలవాటు. నేను కుర్చీలోంచి సగం లేచి అందించాను. అవును, ఇప్పటికీ ఇక్కడి వంటగదిలోనే పనిచేస్తున్నాడు.

అతను ఆ వాక్యం అందుకోలేదు. అందుకోకపోయేసరికి, నేను దాన్నే ఇంకొంచెం గట్టిగా చెప్పాను. హాలంతా విన్నది.

ఆయన్ని పిలవండి, నేను చేయి కలపాలి అంది పెద్దావిడ. ఎవరో పరిగెత్తారు. అన్నయ్య ఏప్రన్‌తోనే వచ్చాడు, తల మీద టోపీ తీసి గుప్పిట్లో నలుపుకుంటూ. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఫోటో తీశారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, మేనేజర్ కూడా. అన్నయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతూనే నా వైపు వంగి అడిగాడు.

"ఏంటి చెల్లెమ్మా ఇది? నాకెందుకండీ చప్పట్లు?"

"వెనక తలుపు దగ్గర నువ్వు భోజనాలు పెట్టే సంగతి తమ్ముడు చెప్పాడన్నయ్యా. మెచ్చుకుంటున్నారు."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మేనేజర్ వైపు వెళ్ళాయి. "అయ్యో," అన్నాడు చిన్నగా. "వాళ్ళకెందుకు చెప్పారమ్మా."

నాకు అప్పుడు తెలిసింది. తలుపు దగ్గర వంటగది పెద్ద లేడు, సిగరెట్టుకి వెళ్ళిపోయాడు. నేను చప్పట్లు కొడుతూ ఉన్న నా చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక చీర కొంగులో చుట్టుకున్నాను.

సభ అయ్యాక లిఫ్టు దగ్గర తమ్ముణ్ణి పట్టుకున్నాను. ఏదో ఒకటి అనాలని, "చివర్లో మాట మర్చిపోయావేం తమ్ముడూ" అన్నాను. అది కూడా అన్నాను.

"మర్సిపోలే మేడమ్," అన్నాడు. "తెల్వక ఆగలే. తెలిసే ఆగిన."

లిఫ్టు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు. అతని నోట నేను విన్న ఆఖరి తెలుగు మాట అదే.

పెద్దావిడ విమానం ఎక్కేదాకా ఏమీ జరగలేదు. తర్వాత అన్నయ్యని పనిలోకి రావద్దన్నారు. వీసా క్యాన్సిల్‌కి పెడుతున్నారని తెలిసి నేను మేనేజర్ గదికి పరిగెత్తాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. నా కోర్సు పెద్దావిడకి ఎంతో నచ్చిందని, ఇంకో విడత పొడిగిస్తున్నామని ముందు ఆ సంగతి చెప్పాడు. నేను కప్పు పక్కకి జరిపాను.

"అది పాఠం కోసం కల్పించిన కథ సార్," అన్నాను. "అభ్యాసం. అలాంటివి మేం క్లాసులో ఎన్నో కల్పిస్తుంటాం."

ఆయన నవ్వలేదు, కసరలేదు. "మిగతా అందరూ తాతగారితో సముద్రానికి వెళ్ళి ఐస్‌క్రీమ్ తినేవాళ్ళమన్నారు. అది కల్పించింది," అన్నాడు. "ఇది నిజం. మీ మొహం చూసినా తెలుస్తోంది."

"ఏళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు సార్."

"అయి ఉంటే? అంతమంది ముందు విన్నాక నేను విననట్టు ఎలా ఉండను? నా వంటగది పెద్దకి తెలుసా అని అడిగితే ఆయన తెలియదన్నాడు. ఆ వంటాయన కూడా, ఎవరికీ తెలియదు, నేనొక్కణ్ణే చేశాను అన్నాడు." బల్ల మీది కాగితాలు సర్దుతూ, "మీరు ఆ ఆఖరి మాట చెప్పకపోయి ఉంటే నేను అడిగేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆయన్ని తిట్టుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. పూర్తిగా కుదరలేదు. విననట్టు ఉండటానికి ఆయనకి ఒక సందు కావాలి. ఆ సందు మూసింది నేను. నన్ను ఓదార్చినవాళ్ళు, అతను ఆ అలవాటు కాలంలో మాట్లాడకపోతే బాగుండేది, రోజూ పెట్టేవాడనకుండా ఎప్పుడో ఒకసారి పెట్టాడంటే సరిపోయేది అన్నారు. తప్పుని వ్యాకరణం మీదికి నెట్టడానికి నాకు మనసొప్పలేదు. రాజీనామా చేద్దామనీ అనుకున్నాను. చెయ్యలేదు. అనుకున్నందుకే కాస్త బరువు దిగినట్టనిపించింది, అది ఇంకా సిగ్గుచేటు.

అన్నయ్య ఊరికి వెళ్ళేముందు వచ్చిన శుక్రవారం ఆరాధనకి వెళ్ళకుండా తప్పించుకుందామని చూశాను. మా ఆయన ఊరుకోలేదు. చేసిందానికి మొహం చూపించకపోతే ఎలా అన్నాడు. వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. మా సంఘంలో సాక్ష్యాలు చాలావరకు ఒకప్పుడు నేను ఇలా ఉండేవాణ్ణి అనే మొదలవుతాయి. తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, ఇంటిదాన్ని కొట్టేవాణ్ణి. నేను అంత ఆర్భాటంగా నేర్పే కాలం అక్కడ మైకు ముందు ప్రతి వారం వినపడుతూనే ఉండేది. ఆ రోజు అన్నయ్య లేచాడు. నేను తల వంచుకున్నాను.

"నేను వంటోణ్ణండి," అన్నాడు. "వంటోణ్ణి ఎవరూ స్టేజీ ఎక్కించరండి. మా చెల్లెమ్మ ఎక్కించి చప్పట్లు కొట్టించింది. దేవునికి స్తోత్రం."

సంగతి తెలియనివాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. వెటకారమైతే తట్టుకునేదాన్ని. ఆ మనిషికి వెటకారం తెలీదు.

"ఒక్క మనవండి. పక్క బిల్డింగు కుర్రాళ్ళు మధ్యాహ్నం వస్తారండి. నేను లేనని వాళ్ళకి తెలీదు. ఎవరైనా వెళ్ళి చెప్పండి. లేకపోతే ఆ ఎండలో అలా నిలబడి ఉంటారు."

ఆరాధన అయ్యాక వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. దూరంగా కూర్చుంటుందనుకున్నాను. డబ్బా విప్పి, "తీసుకోండి," అని నాకు ఒక ముద్ద పెట్టింది. "ఇంక శుక్రవారాలు నాకు ఓవర్‌టైం ఉన్నా పర్లేదులెండి," అంది. ఆ ముద్ద నమిలాను గానీ రుచి తెలీలేదు.

మర్నాడు పులిహోర కలుపుకుని ఆ సందుకి వెళ్ళాను. కుర్రాళ్ళు నిజంగానే నిలబడి ఉన్నారు, హెల్మెట్లు చంకన పెట్టుకుని, మూసిన తలుపు వైపు చూస్తూ. సెక్యూరిటీ అతను అటు తిరగడానికి వీల్లేక, "ఖలాస్ భాయ్, యల్లా," అని వాళ్ళని కదిలిస్తున్నాడు. హోటల్ గోడ దాటి అవతల నిలబడి నేను డబ్బా విప్పాను. మొహమాటపడుతూ తిన్నారు.

"అక్కా, అన్నకు పానం మంచిగ లేదా?" అని అడిగాడు ఒకతను.

"ఊరికి వెళ్ళాడు" అన్నాను.

"ఎప్పుడస్తడు?"

అతని చేతిలో ఇంకాస్త పులిహోర పెట్టాను. కొన్నాళ్ళు అలా పులిహోర పట్టుకెళ్ళాను. తర్వాత ఎండలు ముదిరాయి, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, ఏవేవో పనులు పడ్డాయి. ఆయన ఏళ్ళ తరబడి చేసింది నేను కొన్ని వారాలు కూడా చెయ్యలేకపోయాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తమ్ముడికి రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. వద్దన్నాడని విన్నాను. ఊరి నుంచి అన్నయ్యే ఫోన్ చేసి, చేరకపోతే ఒప్పుకోనని చేర్పించాడట. కోటు వేసుకుని, నేను కలగన్నట్టే నిలబడ్డాడు. రోజూ ఆ బల్ల ముందు నుంచే నా క్లాసుకి వెళ్ళాలి. నన్ను చూడగానే లేచి నిలబడి నమస్కారం చెప్పేవాడు, స్పానిష్‌లో. బాగున్నారా అని అడిగేవాడు, స్పానిష్‌లో. నేను తెలుగులో పలకరిస్తే ఎంతో మర్యాదగా స్పానిష్‌లో జవాబిచ్చేవాడు. పక్కనున్నవాళ్ళు, మీ విద్యార్థి మీతో ఒక్క రోజు కూడా అభ్యాసం మానడు మేడమ్ అని మెచ్చుకునేవాళ్ళు. బువ్వ తిన్నరా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నేను మాత్రం ఆ పాఠం దగ్గర పుస్తకానికి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా సముద్రంలో ఈత కొట్టేవాళ్ళు, తాతగారితో ఐస్‌క్రీమ్ తినేవాళ్ళు. ఎవరైనా తన సొంత సంగతి మొదలుపెడితే, టైమైపోయిందని ఆపేసేదాన్ని.

రిటైరైన రోజు హోటల్ వాళ్ళిచ్చిన పూలగుత్తి పట్టుకుని కిందికి వచ్చాను. బల్ల దగ్గర అతనొక్కడే ఉన్నాడు. ఇంక ఎప్పటికీ అడగలేనని అడిగేశాను.

"తమ్ముడూ, అన్నయ్య ఎలా ఉన్నాడు? మాట్లాడుతుంటావా?"

అతను లేచి నిలబడ్డాడు. కాసేపు నా చేతిలో పూలని చూశాడు. తర్వాత స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు.

"నోస్ దాబా దే కొమేర్."

మాకు తిండి పెట్టేవాడు. నేను నేర్పిన వాక్యమే. దిద్దడానికి అందులో తప్పేమీ లేదు. ఆయన ఇప్పుడెలా ఉన్నాడో మాత్రం అందులో లేదు. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది, ఆగాడు. ఈసారి నేను అందించలేదు. పూలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అతను ఇంక మాట్లాడలేదు.